నలభై సెకన్ల వీడియో

మా పాపకి అప్పుడు పదిహేడో నెల. వంటింటి గడప మీద కూర్చుని కుక్కర్ వంక చూస్తోంది. విజిల్ రాబోయే ముందు సన్నగా సుయ్యిమంటుంది కదా, ఆ చప్పుడు మొదలవగానే రెండు చేతులూ పక్కలకి బారజాపింది. మోచేతులు బిగుసుకున్నాయి. పది వేళ్లూ విడివిడిగా విచ్చుకున్నాయి. మణికట్లు తాళంచెవి తిప్పినట్టు అటూ ఇటూ తిరిగాయి. నోరు తెరుచుకుంది, ఊపిరి బిగబట్టింది, కళ్లు మాత్రం కుక్కర్ మీదే. ఆరేడు సెకన్లు. విజిల్ వచ్చింది, చేతులు దిగాయి, పాప నన్ను చూసి నవ్వింది.

నేనూ నవ్వాను. మర్నాడు ఫ్యాన్ వేసినప్పుడు అదే. సాయంత్రం కుళాయి నీళ్లు బకెట్లో పడుతుంటే మళ్లీ అదే. వారం తిరిగేసరికి రోజుకి ఇరవై సార్లు లెక్కపెట్టాను. ఎదురింటావిడ చూసి, "ఫిట్సేమోనండీ, ఒకసారి చూపించండి. మా తోడికోడలి పిల్లాడికి ఇలాగే మొదలైంది" అంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మా అత్తయ్యగారు ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీశారు. తీస్తూనే ఒక మాట అన్నారు. "ఫిట్సే అయితే పిలిస్తే పలుకుతుందా అమ్మాయ్? నేను బుజ్జమ్మా అనగానే చేతులు దింపేసి నా వంక చూస్తోంది కదా." భయంలో ఆ మాట నా చెవికెక్కలేదు. దాని విలువ నాలుగు నెలల తర్వాత గానీ తెలియలేదు.

మొదట చూపించిన చోట మా టోకెన్ నంబరు 64. గదిలో ఉన్నది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లోనూ పాప చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. "ఏమవుతోంది?" అని అడిగారు డాక్టరు. "ఊరికే చేతులు కొట్టుకుంటున్నాయండీ" అన్నాను. ఆయన ఫిట్స్ సిరప్ రాశారు.

ఇప్పుడు తలచుకుంటే ఆ మందు రాయించింది నా నోటి మాటేననిపిస్తుంది. తెలుగులో "కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి" అంటే ఒకటే అర్థం, మూర్ఛ. మనిషి ప్రమేయం లేకుండా చేతులు వాటంతట అవే కొట్టుకుంటాయి. "చేతులు ఆడిస్తోంది" అన్నామా, ఆడించేది పాప. క్రియ ఒకటి మారితే జబ్బు మారిపోతుంది. నేను చూసింది రెండోది, చెప్పింది మొదటిది. భయం వేసినప్పుడు కళ్లు చూసినదాన్ని నోరు చెప్పదు. వేరొకరి పిల్లాడికి వచ్చిన జబ్బు తాలూకు మాటలే నోటికి వస్తాయి.

చిన్నపిల్లల చేతి కదలికల్ని అర్థం చేసుకోవడంలో వైద్యశాస్త్రం నడిచిన దారంతా దాదాపు ఇదే. చూడటం, చూసింది చూసినట్టు చెప్పడం.

పుట్టిన బిడ్డ చేతులు మొదటి నెలల్లో పూర్తిగా బిడ్డ మాట వినవు. పడుకోబెట్టేటప్పుడు తల కాస్త వెనక్కి జారినా, తలుపు దబ్బున పడినా, రెండు చేతులూ విసిరినట్టు తెరుచుకుని మళ్లీ గుండె మీదికి ముడుచుకుంటాయి. మనం ఉలికిపాటు అంటాం. జర్మనీలో హైడెల్‌బర్గ్‌లో పనిచేసిన పిల్లల వైద్యుడు ఎర్నెస్ట్ మోరో 1918లో దీన్ని శాస్త్రీయంగా వర్ణించాడు. తల్లిని కరుచుకుని బతికే కోతిపిల్ల జారిపోబోతే చటుక్కున పట్టుకునే అలవాటుకి ఇది మిగిలిన ఆనవాలని ఆయన భావించాడు. వైద్యులు నేటికీ మోరో రిఫ్లెక్స్ అనే అంటారు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అది మాయమవుతుంది. మెదడు పైపొర పెత్తనం తీసుకునే కొద్దీ కింది పొరల ఈ పాత అలవాట్లు అణిగిపోతాయి.

అవి పోయాక చేతులు వెంటనే బుద్ధిగా పనిచేస్తాయా అంటే, అదీ లేదు. ఎస్తర్ థెలెన్ అనే అమెరికా శాస్త్రవేత్త 20 మంది ఆరోగ్యవంతులైన పసిపిల్లల ఇళ్లకి ఏడాది పొడవునా వెళ్లి కూర్చుని చూసింది. కాళ్లు తన్నడం, చేతులు ఊపడం, ఒళ్లు ఊగించడం, వేళ్లు ఆడించడం, ఒకే తీరుగా తాళం వేసినట్టు మళ్లీ మళ్లీ చేసే కదలికలు 47 రకాలు రాసుకుంది. 1979లో వెలువడిన ఆ పరిశీలన నాకు చాలా ఇష్టం, ఎందుకంటే దానికి ఏ యంత్రమూ అక్కర్లేకపోయింది. పిల్లలు కొత్త పని నేర్చుకోబోయే ముందు ఆ అవయవాన్ని ఇలా ఊపుతారని ఆమె గమనించింది. పాకే ముందు నాలుగు కాళ్ల మీద నిలబడి ముందుకీ వెనక్కీ ఊగని పిల్లల్ని మనలో ఎంతమంది చూసి ఉంటాం? ఊపు ముందు, అదుపు తర్వాత. వింత కదలికలన్నీ జబ్బులు కావనడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు దొరకలేదు.

అయితే కొన్ని జబ్బులే. వాటిలో ఒకదాని కథ ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతపు టన్‌బ్రిడ్జ్ ఊళ్లో మొదలవుతుంది.

విలియం జేమ్స్ వెస్ట్ ఆ ఊళ్లో వైద్యుడు. ఆయన కొడుకు జేమ్స్ నాలుగు నెలల వరకూ అందరు పిల్లల్లాగే పెరిగాడు. ఆ తర్వాత తల ఉన్నట్టుండి ముందుకి వంచడం మొదలుపెట్టాడు. తల మోకాళ్ల దాకా వంగేది, వెంటనే లేచేది, మళ్లీ వంగేది. ఒక్కో విడతకి పది, ఇరవై, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. విడత రెండు మూడు నిమిషాలకి మించేది కాదు. రోజుకి రెండు మూడు విడతలు. తండ్రి లెక్క రాశాడు. పిల్లాడు నవ్వడం మానేశాడని, ఎవరినీ పట్టించుకోవడం లేదని కూడా రాశాడు. జలగలు పట్టించాడు, తల మీద చల్లటి గుడ్డలు వేశాడు, విరేచనాల మందు ఇచ్చాడు, నల్లమందు ఇచ్చాడు. ఏదీ పనిచేయలేదు. లండన్ తీసుకెళ్లి పెద్ద వైద్యులకి చూపించాడు. వాళ్లలో సర్ చార్లెస్ క్లార్క్ అలాంటి పిల్లల్ని అంతకుముందు చూశాడు. ఆ వంగే తీరుని బట్టి దానికి "సలాం" మూర్ఛ అని పేరు కూడా పెట్టుకున్నాడు. మన వైపు పలకరింపు లండన్ వైద్యుడి నోట జబ్బు పేరైంది.

1841 జనవరిలో వెస్ట్ 'లాన్సెట్' పత్రికకి ఉత్తరం రాశాడు. ఎవరైనా ఇలాంటిది చూసి ఉంటే దయచేసి చెప్పండని అడగడమే దాని ఉద్దేశం. ఆయన బతికుండగా ఆయనకి కావలసిన జవాబు రాలేదు. జేమ్స్ 1860లో, ఇరవై ఏళ్లకే పోయాడు. తండ్రి గమనించి రాసిన లక్షణాలు మాత్రం నేటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. జబ్బు పేరు వెస్ట్ సిండ్రోమ్.

ఆ పసివాడి మెదడులో ఏం జరుగుతోందో చూడటానికి మరో నూరేళ్లు పట్టింది. జర్మనీలోని యేనాలో హన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి తల మీది నుంచి మెదడు విద్యుత్తుని నమోదు చేశాడు, 1929లో ప్రకటించాడు. అదే ఈఈజీ. మామూలు మెదడు తరంగాలు వోల్టులో పది లక్షలో వంతులతో కొలిచేంత చిన్నవి. వెస్ట్ సిండ్రోమ్ పిల్లల్లో ఆ గీతలు ఒక వరసా పద్ధతీ లేకుండా కొండల్లా లేస్తాయి. గిబ్స్ దంపతులు 1952లో ఆ చిత్రానికి హిప్స్‌అరిద్మియా అని పేరు పెట్టారు. పేరులోని గ్రీకు మాటకి ఎత్తైనది అని అర్థం. 1958లో బెల్జియం వైద్యులు ఏసీటీహెచ్ అనే హార్మోన్‌తో ఆ కొండలు అణగడం చూపించారు. మన దగ్గర ఆ ఇంజెక్షన్ ఖరీదు ఎక్కువ కాబట్టి చాలామంది వైద్యులు నోటితో ఇచ్చే ప్రెడ్నిసొలోన్‌ని ఎక్కువ మోతాదులో వాడతారు. ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు జబ్బు వల్ల వస్తే విగాబాట్రిన్ బాగా పనిచేస్తుంది. ఆ పిల్లల ఒంటి మీద ఆకు ఆకారంలో తెల్లమచ్చలుంటాయి. మన దేశంలో మాత్రం పుట్టిన వెంటనే ఏడవకపోవడం, తొలి రోజుల్లో రక్తంలో చక్కెర పడిపోవడం దీనికి పెద్ద కారణాలు.

ఇంతసేపు ఇక్కడ ఆగింది ఎందుకంటే, ఈ జబ్బులో రోజులు లెక్క. మందు మొదలుపెట్టడం ఆలస్యమైన కొద్దీ ఎదుగుదల దెబ్బతింటుంది. ఆలస్యం జరిగేది ఎక్కువగా ఇంట్లోనే. చేతులు రెండూ చటుక్కున విచ్చుకోవడం, తల వంగడం, ఒక్కోటి సెకనో రెండు సెకన్లో. చూసేవాళ్లకి అచ్చం ఉలికిపాటులాగే ఉంటుంది. మధ్యలో బిడ్డ ఏడుస్తుంది కాబట్టి కడుపునొప్పి అనుకుంటాం, వాము నీళ్లు పడతాం. తేడా ఇది. ఉలికిపాటుకి చప్పుడో కుదుపో కారణం ఉంటుంది, ఒక్కసారితో అయిపోతుంది. ఇది కారణం లేకుండా, ముఖ్యంగా నిద్ర లేచిన వెంటనే, కొన్ని సెకన్లకొకటి చొప్పున గొలుసుకట్టుగా వస్తుంది. మోరో ఉలికిపాటు పోవలసిన వయసులో కొత్తగా ఉలికిపాట్లు మొదలయ్యాయంటే, పండగొస్తోందనో ముహూర్తం బాలేదనో ఆగకుండా ఆ రోజే బయల్దేరాలి.

చేతుల కదలికే జాడ చూపిన జబ్బు మరొకటి ఉంది. వియన్నాలో ఆండ్రియాస్ రెట్ అనే వైద్యుడికి 1954లో తన క్లినిక్‌లో రోగులు వేచి ఉండే గదే పాఠం చెప్పింది. తల్లుల ఒళ్లో కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలు, ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లు, ఒకే తీరులో చేతులు పిసుక్కుంటున్నారు, సబ్బు రాసుకుని కడుక్కుంటున్నట్టు. ఆయన వాళ్లని విడివిడిగా గదిలో చూసి ఉంటే తట్టేది కాదేమో, పక్కపక్కన కూర్చోవడంతో తట్టింది. పాత రికార్డులు తిరగేస్తే అలాంటి పిల్లలు మరికొందరు కనబడ్డారు. 1966లో జర్మన్‌లో రాశాడు, పెద్దగా ఎవరూ చదవలేదు. 1983లో స్వీడన్ వైద్యుడు బెంగ్ట్ హాగ్‌బర్గ్ బృందం 35 మంది పిల్లల గురించి ఇంగ్లీషులో రాశాక లోకానికి తెలిసింది. 1999లో హ్యూస్టన్‌లో హుదా జోగ్బి ప్రయోగశాల దీనికి కారణమైన ఎంఈసీపీ2 అనే జన్యువుని పట్టుకుంది. రెట్ పేరుతోనే పిలిచే ఈ జబ్బులో చేతుల కదలిక ఒక్కటే చూస్తే సరిపోదు. అంతవరకూ చెంచా పట్టుకున్న పిల్ల పట్టుకోవడం మానేస్తుంది, వచ్చిన రెండు మాటలూ పోతాయి. కొత్తగా ఏం వచ్చిందో కాదు, ఉన్నదేం పోయిందో చూడాలి.

మనకి దగ్గరి కథ ఒకటి వెల్లూరులో ఉంది. చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లు ఏ పెద్ద జబ్బుకైనా ముందు రైలెక్కే ఊరు అది. వెస్ట్ ఉత్తరం అచ్చయిన అదే లాన్సెట్ పత్రికలో 1962లో అక్కడి వైద్యులు కొందరు పసిపిల్లల గురించి రాశారు. పాలిపోయిన మొహం, వేళ్ల కణుపుల మీద నలుపు, నవ్వడం మానేసిన చూపు, ఉండీ ఉండీ చేతుల్లో కదలికలు. తల్లిపాలు తప్ప వేరే తిండి లేదు. తల్లి ఒంట్లో విటమిన్ బి12 లేదు, పాలలో ఎక్కడి నుంచి వస్తుంది? బి12 ఇస్తే పిల్లలు తేరుకున్నారు. చేతుల వణుకు ప్రధానంగా కనిపించే ఇలాంటి స్థితినే మన పిల్లల వైద్యులు ఇన్‌ఫంటైల్ ట్రెమర్ సిండ్రోమ్ అంటారు. పాలూ గుడ్డూ కూడా సరిగా అందని ఇళ్లలో, ఏడాది దాటినా తల్లిపాలతోనే నెట్టుకొచ్చే పిల్లల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. ఇంత చవగ్గా నయమయ్యే జబ్బుకి ఏ పసిబిడ్డ అయినా నెలల తరబడి వణకడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

ఒక్క చెయ్యే వింతగా ఉంటే కథ వేరు. రోడ్డు దాటిస్తూ చెయ్యి పట్టుకుని లాగాక పిల్ల ఆ చెయ్యి కదపకుండా వేలాడేసిందంటే మోచేతి దగ్గర ఎముక తల దాని పట్టీలోంచి జారి ఉంటుంది. పుత్తూరు కట్టు దాకా వెళ్లక్కర్లేదు. తెలిసిన డాక్టరు ముంజేతిని పట్టుకుని ఒక్క మెలి తిప్పితే టక్కుమని సర్దుకుంటుంది, కాసేపట్లో పిల్ల అదే చేత్తో బిస్కెట్ అందుకుంటుంది. ఇంకొకటి ఇలా తేలిగ్గా తేలేది కాదు. ఏడాది కూడా నిండని బిడ్డ ఎప్పుడూ ఎడమ చెయ్యే చాపుతూ కుడి పిడికిలి బిగించి ఉంచితే "వీడిది ఎడమచేతి వాటం" అని మురిసిపోతాం. చేతివాటం అంత తొందరగా స్థిరపడదు. అది వాటం కాదు, రెండో చెయ్యి బలహీనం కావచ్చు, మెదడులో ఒక పక్క దెబ్బ తగిలి ఉండవచ్చు. ఇలాంటి ఎదుగుదల తేడాలని తొందరగా పట్టుకోవడం కూడా ఉద్దేశంగా 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. జిల్లాల్లో డీఈఐసీ పేరుతో కేంద్రాలున్నాయి, ఫీజు లేదు.

మా పాప సిరప్ తాగింది. మత్తుగా ఉండేది, అన్నం పెడుతుంటే నిద్రపోయేది. మెలకువగా ఉన్నంతసేపూ కుక్కర్‌కి చేతులు చాపుతూనే ఉంది. ఈఈజీ తీయించమన్నారు. ముందు రోజు తలకి నూనె లేకుండా రుద్ది, రాత్రి ఒంటిగంట దాకా మెలకువగా ఉంచి, పొద్దున్నే తీసుకెళ్లాం. నిద్రమందు తాగించారు. చల్లటి జిగురు పూసి ఇరవై దాకా తీగలు అంటించారు. ఆ చిన్న తల మీద అన్ని తీగలు చూసి మావారు బయటికి వెళ్లిపోయారు. అరగంట గీతలు గీసింది యంత్రం. అంతా మామూలుగానే ఉందని రిపోర్టు. ఆ తెల్లటి జిగురు జుట్టులోంచి పోవడానికి మూడు తలస్నానాలు పట్టింది.

అయినా నాకు ధైర్యం రాలేదు. నిద్రలో తీసిన అరగంట ఈఈజీ మామూలుగా ఉన్నంత మాత్రాన ఫిట్స్ లేనట్టే అని చెప్పలేరు. గీతల్లో చిన్న తేడా ఉన్నంత మాత్రాన ఫిట్స్ ఉన్నట్టూ కాదు, కొందరు ఆరోగ్యవంతులైన పిల్లల్లోనూ అలాంటి తేడాలు కనిపిస్తాయి. యంత్రం ఒక సాక్షి, అంతే.

నాలుగో నెలలో ఇంకో ఊళ్లో పిల్లల నరాల వైద్యురాలి దగ్గరికి వెళ్లాం. నేను నోరు తెరవబోతుంటే ఆవిడ, "ఉండమ్మా, ఫోన్‌లో వీడియో ఏమైనా తీశారా?" అని అడిగారు. మావారి ఫోన్‌లో ఒకటుంది. నలభై సెకన్లు. కుక్కర్, పాప, చాపిన చేతులు, చివర్లో అత్తయ్యగారి గొంతు "బుజ్జమ్మా", పాప తిరిగి చూడటం. ఆవిడ మూడుసార్లు చూశారు. మూడోసారి ఆ పిలుపు దగ్గర ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ పెట్టారు.

తర్వాత అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. నిద్రలో ఎప్పుడైనా చేసిందా? నిద్ర లేవగానే చేస్తుందా, లేక ఏదైనా ఇష్టమైనది చూసినప్పుడా? ప్రతిసారీ ఇదే తీరా, మారుతోందా? అయిపోయాక వాడిపోతుందా, మళ్లీ ఆటలో పడుతుందా? వచ్చిన మాటలేవైనా పోయాయా? పైన ఫ్యాన్ తిరుగుతుంటే వేలుపెట్టి మీకు చూపించి, మీ మొహం వంక చూస్తుందా? ఈ చివరి ప్రశ్న ఆటిజం గురించి. చేతులు ఆడించడం ఆటిజంలోనూ ఉంటుంది, కానీ అదొక్కటే ఉంటే ఆటిజం కాదు. పేరు పెట్టి పిలిస్తే పలకడం, తనకి నచ్చింది పక్కవాళ్లకి చూపించాలనుకోవడం ఉన్నాయా లేవా అన్నది ఎక్కువ చెబుతుంది. మేం జవాబులు చెబుతుండగానే పాప గోడ మీది ఏసీ వైపు వేలు చూపించి నా గడ్డం పట్టి లాగింది.

మా పాప చేసే ఈ చేతుల కదలికని మోటార్ స్టీరియోటైపీ అంటారు. మూడేళ్ల లోపు మొదలవుతుంది. ఆనందం పట్టలేనప్పుడు, ఒక విషయంలో మునిగిపోయినప్పుడు, విసుగొచ్చినప్పుడు, ఒకే అచ్చులో పోసినట్టు అదే కదలిక వస్తుంది. ధ్యాస మళ్లిస్తే ఆగుతుంది. కనుబొమలు ఎగరేసే, గొంతు సవరించే టిక్స్ ఇంతకంటే పెద్ద వయసులో మొదలై, తీరు మార్చుకుంటూ పోతాయి. ఇది మారదు. మూర్ఛలో మెదడు కణాలు అదుపు తప్పి ఒక్కసారిగా మోగుతాయి, అప్పుడు ఎవరు పిలిచినా ఆగవు. ఇక్కడ మోగేది సంతోషం. మెదడు పైపొరకీ, లోపల కదలికల్ని ఎంచి వదిలే కణాల గుంపులకీ మధ్య తిరిగే వలయంలో ఆ కదలిక ఒక అలవాటుగా నాటుకుంటుందని పరిశోధకులు అనుకుంటున్నారు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో హార్వీ సింగర్ బృందం ఆటిజం లేని ఇలాంటి 100 మంది పిల్లల్ని పరిశీలించి 2008లో ప్రకటించింది. చాలామందిలో ఆ కదలిక ఏళ్ల తరబడి ఉండిపోయింది. పిల్లలు పెద్దయ్యాక నలుగురిలో ఆపుకోవడం నేర్చుకుంటారు, కావాలంటే అందుకు శిక్షణ ఉంది. మందు అవసరం సాధారణంగా ఉండదు.

సిరప్ ఒక్కసారిగా మానొద్దని, వారాల మీద తగ్గించుకుంటూ రమ్మని కాగితం మీద రాసిచ్చారు. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే అదే ఫిట్స్ తెప్పించవచ్చు. లేవబోతుంటే ఆవిడ అడిగారు, "వీడియోలో పిలిచింది ఎవరు?"

"మా అత్తయ్యగారండీ."

"ఆవిడకి చెప్పండి, సగం పరీక్ష ఆవిడే చేసేశారని."

ఇంటికొచ్చి చెప్పాను. అత్తయ్యగారు ఏమీ అనలేదు, చీర కొంగుతో కళ్లు తుడుచుకుని పాపకి అన్నం కలపడానికి వెళ్లారు.

పాపకి ఇప్పుడు నాలుగేళ్లు నిండాయి. సాయంత్రాలు రాజమండ్రిలో పుష్కర ఘాట్‌కి తీసుకెళ్తాం. నిన్న వంతెన మీదికి రైలు వచ్చింది. ముందు నీళ్ల మీద చప్పుడు, తర్వాత పెట్టెలు ఒకటొకటిగా. పాప మెట్టు మీద నిలబడి రెండు చేతులూ బారజాపింది, పది వేళ్లూ విచ్చుకున్నాయి, నోరు తెరుచుకుంది. పక్కనున్నావిడ నా వంక చూసింది. రైలు సగం దాటింది. వెనక నుంచి అత్తయ్యగారు "బుజ్జమ్మా" అన్నారు.

"ఆఁ, నానమ్మా," అని తిరిగి చూసింది పాప, "ఇంకా పెట్టెలు ఉన్నాయి, ఉండు."